మూడో లిఫ్టుకు ముందు ఐసు నీళ్లు

ఎనిమిదేళ్ల కిందట ఏప్రిల్ మొదటి వారంలో నన్ను భిలాయి సెక్టర్ 6లోని వ్యాయామశాలకు పవర్‌లిఫ్టింగ్ కోచ్‌గా వేశారు. అంతకు ముందు ఆరేళ్లు మరో కోచ్ కింద అసిస్టెంటుగా పనిచేశాను. ఈ మెట్టు మీద రెండు మూడేళ్లు మంచి పేరు తెచ్చుకుంటే సీనియర్ కోచ్ అవుతారు. నాకు ఆ తొందర ఉండేది. నేను ఏ సంస్థలో పనిచేశానో, ఉద్యోగానికి ఎంపిక పోటీ పెట్టింది ఏ సంస్థో ఇక్కడ రాయడం లేదు. తప్పు వాటిది కాదు, నాది. రెండేళ్ల కిందట, యాభై రెండో ఏట, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

ఇప్పుడు ఇది రాయడానికి ఒక కారణం ఉంది. సెట్టుకీ సెట్టుకీ మధ్య విశ్రాంతిలో అరచేతులు చల్లబరిచే పద్ధతి ఇక్కడి జిమ్ముల్లో నా పేరు మీద చెలామణి అవుతోంది. అది నేను కనిపెట్టింది కాదు. నేను దాన్ని ఎలా పాడుచేశానో కూడా ఆ జిమ్ముల్లో ఎవరికీ తెలియదు.

పవర్‌లిఫ్టింగ్‌లో మూడు లిఫ్టులుంటాయి. భుజాల మీద బరువుతో కూర్చుని లేచేది స్క్వాట్. బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టేది బెంచ్ ప్రెస్. నేల మీది బరువును నడుము నిటారయ్యేదాకా ఎత్తేది డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలిస్తారు. ఒక్కోదానిలో ఎత్తిన పెద్ద బరువులు మూడూ కలిపితే వచ్చేది మొత్తం. ఉద్యోగ ఎంపికల్లో ఆ మొత్తానికి ఒక అర్హత గీత పెడతారు. గీత దాటినవాళ్ల పేర్లే తర్వాతి దశకు వెళ్తాయి.

నేను చేరేసరికి ఆ వ్యాయామశాలలో అమ్మాయిలు ముగ్గురే ఉండేవారు. వాళ్లలో అందరికంటే గట్టిది సంతోషి. తండ్రి అప్పలరాజు చరోదా రైల్వే యార్డులో పాయింట్స్‌మన్, అంటే బండి ఏ పట్టా మీదికి మళ్లాలో ఆ పట్టాలు కలిపే మనిషి. వాళ్లది శ్రీకాకుళం వైపు. సంతోషి మాత్రం ఇక్కడే పుట్టింది. ఇంట్లో తెలుగు, బయట హిందీ, బరువెత్తేటప్పుడు రెండూ. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగు దాటాయి. క్రీడా కోటా ఉద్యోగానికి వయోపరిమితి ఇరవై ఐదు. మే నెలాఖరులో జరిగే ఎంపిక ఆమెకు చివరిది. ఆ సంగతి మొదటి రోజే నాకు చెప్పింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మా వ్యాయామశాలది రేకుల కప్పు. ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి సాయంత్రం అయిదింటికి కూడా ఇనుప బార్ ముట్టుకుంటే వేడిగా తగిలేది. సంతోషి ప్రతి సెట్టు, అంటే ఆగకుండా వరసగా ఎత్తే ఒక విడత, అయ్యాక మూలనున్న తాగునీటి మట్కా దగ్గరికి వెళ్లి, దాని తడి పొట్టకు రెండు అరచేతులూ ఆనించి నిలబడేది. బార్‌కి తగిలించే బరువు ప్లేట్లు మార్చడం, బార్లు తుడవడం చూసుకునే దిలేశ్వర్ నలభై ఏళ్ల ఛత్తీస్‌గఢీ మనిషి. తెలుగువాళ్ల మధ్య బతికి తెలుగు బాగానే పట్టాడు. ఒకరోజు ఆమెను ఆటపట్టించాడు.

“అరే దీదీ, బార్ ఎత్తడానికి వచ్చావా, మట్కాని కౌగిలించుకోడానికా?”

“నువ్వు స్క్వాట్ కొట్టి చూపించు భయ్యా, మట్కా నీకిచ్చేస్తాను.”

“నాకెందుకు? నా మోకాళ్లు నా బీవీ సొత్తు.”

నేను ఇద్దర్నీ కసిరాను. విశ్రాంతి అంటే కూర్చుని ఊపిరి తీసుకోవడం, వంటగదిలో తిరిగినట్టు తిరగడం కాదన్నాను. సంతోషి తల ఊపింది గాని అలవాటు మానలేదు. మూడు రోజుల తర్వాత మళ్లీ పట్టుకుని ఇది నీకెవరు నేర్పారని అడిగాను.

“ఎవులూ నేర్పలేదు సర్. మా నాన్న ఎండలో యార్డు నుంచి ఒచ్చినప్పుడల్లా ముందు చేతులు కుండకి ఆనిస్తాడు, తరవాతే మంచినీళ్లు తాగుతాడు. నాను కూడా చేసి చూసాను. నాలుగో సెట్టు హల్కాగా ఒస్తాది. ఏటో తెలీదు మరి.”

హల్కాగా అంటే తేలిగ్గా. ఆ ముక్కని నేను కొట్టిపారేయలేదు. ఆ ఒక్కటీ ఆ రోజుల్లో నేను సరిగ్గా చేసిన పని. ఇంటికెళ్లి దొరికినంత చదివాను. కండరం పనిచేస్తుంటే వేడెక్కుతుంది. ఒక హద్దు దాటితే అలసట త్వరగా వస్తుంది. శరీరం వేడిని బయటికి పంపడానికి అరచేతుల్లో, అరికాళ్లలో, ముఖంలో ప్రత్యేకమైన రక్తనాళాలున్నాయి. అక్కడ చల్లబరిస్తే చల్లబడిన రక్తం లోపలికి తిరిగి వెళ్తుంది. అయితే దీనికొక షరతు ఉంది. చల్లదనం మితంగా ఉండాలి. మరీ చల్లటిది తగిలితే ఆ నాళాలే ముడుచుకుపోయి, వేడి బయటికి పోయే దారి మూసుకుంటుంది. దీనివల్ల చెప్పుకోదగ్గ తేడా రాదనే పరిశోధకులు కూడా ఉన్నారని అప్పుడే చదివాను. అందుకని చూసి నమ్ముదామనుకున్నాను.

మా అమ్మాయి బడిలో ప్రయోగశాల చూసే టీచరుని అడిగి ఒక గాజు థర్మామీటరు తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ టబ్బులో మట్కా నీళ్లు పోసి, ఫ్రిజ్ నీళ్లు కొంచెం కొంచెం కలిపి పదిహేను డిగ్రీలకు తెచ్చేవాణ్ణి. సెట్టు అవగానే సంతోషి రెండు నిమిషాలు అందులో అరచేతులు పెట్టేది. తర్వాత తువ్వాలుతో పూర్తిగా తుడుచుకుని, ఒక నిమిషం ఆగి, పట్టు జారకుండా సుద్దపొడి రాసుకుని బార్ దగ్గరికి వెళ్లేది. ఒకరోజు నీళ్లతో, మరో రోజు నీళ్లు లేకుండా, ఒకే బరువుతో అయిదు సెట్లు చేయించాను. నీళ్లు లేని రోజున నాలుగో సెట్టుకి అయిదుసార్లు లేచేసరికి కాళ్లు వణికేవి. నీళ్లున్న రోజున ఏడు వచ్చేవి. మొదటి సెట్టులో మాత్రం ఏ తేడా లేదు. మనిషి వేడెక్కాకే ఇది పనికొస్తోందని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది. మే నెలాఖరులో ఎంపిక రోజున అది గుర్తుంచుకోవలసింది.

అయిదు వారాల్లో ఆమె చేసిన పని పరిమాణం పెరిగింది. దానితో బలం పెరిగింది. డెడ్‌లిఫ్ట్‌లో 152.5 కిలోలు శుభ్రంగా ఎత్తింది. దానికి పూర్వం ఆమె ఎత్తిన పెద్ద బరువు 142.5. అర్హత గీత మొత్తం 350. స్క్వాట్, బెంచ్ కలిపి ఆమెకు రెండువందలు ఖాయంగా వస్తాయి. డెడ్‌లిఫ్ట్ 150 ఎత్తితే చాలు.

ఈలోగా నేను ఈ పద్ధతి గురించి పై అధికారికి చెప్పాను. జూన్‌లో జరిగే కోచ్‌ల శిక్షణ తరగతిలో ఒక గంట మాట్లాడమన్నారు. ఆ ప్రసంగానికి కాగితాలు తయారుచేసుకున్నాను. వాటిలో ‘నేను గమనించాను’, ‘నేను రూపొందించాను’ అని ఉన్నాయి. కుండకి చేతులానించిన అప్పలరాజు గాని, సంతోషి గాని వాటిలో ఎక్కడా లేరు. ఆమె పేరు ‘ఒక క్రీడాకారిణి’ అయింది.

ఎంపిక మాకు తెలియని హాల్లో జరిగింది. కూలర్లు పనిచేయలేదు. టబ్బు, థర్మామీటరు నేనే పట్టుకెళ్లాను గాని అక్కడి నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. స్క్వాట్‌లో 130, బెంచ్‌లో 70 అనుకున్నట్టే వచ్చాయి. డెడ్‌లిఫ్ట్ మొదటి ప్రయత్నం 137.5. ముగ్గురు రెఫరీలూ సరైనదని తెల్ల దీపం వెలిగించారు. రెండోది 145. అదీ వచ్చింది, కానీ మోకాళ్ల పైన బార్ కొంచెం నెమ్మదించింది. మొత్తం 345 అయింది. మూడో ప్రయత్నానికి 150 రాయించాను. మా వంతుకి ఎనిమిది నిమిషాలుంది.

నేను దిలేశ్వర్‌ని బయటికి పంపి లస్సీ దుకాణం నుంచి ఐసు తెప్పించాను. సగం టబ్బు ఐసు ముక్కలు పోసి చేతులు పెట్టమన్నాను. సంతోషి వేళ్లు ముంచి వెంటనే తీసేసింది.

“ఒద్దు సర్. ఇది మరీ ఠండాగుంది. వేళ్లు మొద్దుబారిపోతన్నాయి.”

“రెండు నిమిషాలే. బార్ నెమ్మదించింది, చూశావుగా.”

“ప్రాక్టీసులో ఎప్పుడూ బరఫ్ పెట్టలేదు కద సర్. ఇప్పుడెందుకు?”

“కోచ్ నువ్వా, నేనా?”

ఆమె చేతులు పెట్టింది. నేను రెండు నిమిషాలన్నది నాలుగైంది. ఇంకా వ్యవధి ఉందనుకున్నాను. మాకు ముందున్న అమ్మాయి ప్రయత్నం రద్దు చేసుకుందన్న సంగతి నేను వినలేదు. హఠాత్తుగా సంతోషి పేరు పిలిచారు. పిలిచాక లిఫ్ట్ మొదలుపెట్టడానికి ఒక్క నిమిషమే గడువు. తుడుచుకోవడం సగమే అయింది. తడి మీద సుద్దపొడి ముద్దకట్టింది. బార్ నేల విడిచింది, మోకాళ్లు దాటింది. నడుము నిటారుగా రావడానికి నాలుగు అంగుళాలుందనగా కుడిచేతి వేళ్లు విచ్చుకున్నాయి. ఎర్ర దీపాలు మూడూ వెలిగాయి.

ఆమె వీపులో, కాళ్లలో ఆ బరువుకి సరిపడా బలం ఉంది. ఆ చోటికి చేరాక ఆమె బార్ ఎప్పుడూ ఆగలేదు. వేళ్లే పట్టుకోలేకపోయాయి. చలికి మొద్దుబారిన వేళ్లు బిగుసుకోవని వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. పైగా ఒకే ఒక్క లిఫ్టుకి, అదీ ఎనిమిది నిమిషాల విశ్రాంతి తర్వాత, అరచేతుల్ని చల్లబరచాల్సిన అవసరమే లేదు. నా నోటుబుక్కే ఆ మాట చెబుతోంది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. ఆ ఎంపిక సమితి ప్రతి అభ్యర్థి విషయంలోనూ మూడు పనిదినాల్లోగా కోచ్ నుంచి ఒక నివేదిక తీసుకునేది. అభ్యర్థి తప్పు లేకుండా ఒక ప్రయత్నం చెడిపోయిందని కోచ్ లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ ఒక్క లిఫ్టును మళ్లీ చూసే అధికారం సమితికి ఉండేది. తప్పకుండా చూస్తారని కాదు. చూడొచ్చు. అంతకు ముందు ఏడాది ఒకతని బెల్టు తెగితే చూశారు కూడా.

ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జూన్‌లో మాట్లాడబోయే పద్ధతి మే నెలలోనే నా చేతిలో విఫలమైందని నా సంతకంతో రాస్తే, ఆ గంట ప్రసంగం ఏమవుతుందన్నదే నా ఆలోచన. చివరికి ఇలా రాశాను: ‘అభ్యర్థినికి పట్టు బలహీనం. మూడో ప్రయత్నానికి ముందు కోచ్ సూచించిన విధానాన్ని సరిగా పాటించలేదు.’

నివేదిక పంపిన రోజు దిలేశ్వర్ ప్లేట్లు సర్దుతూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

“సర్, రిపోర్టులో బరఫ్ సంగతి రాశారా?”

నీ పని చూసుకోమన్నాను. అతను ఒక ప్లేటును మామూలు కంటే గట్టిగా కింద పెట్టి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా సమితి జాబితా పెట్టింది. సంతోషి పేరు లేదు. మర్నాడు సాయంత్రం అప్పలరాజు వ్యాయామశాలకి వచ్చాడు. మార్నింగ్ షిఫ్టు దిగి యూనిఫారంలోనే చరోదా నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు. సమితి ఆఫీసులో ఎవరో గుమస్తా నివేదికలోని మాట అతనితో అన్నాడట.

“మా పిల్ల మీ మాట ఇన్లేదంట కద మాస్టారూ. దానికి సిన్నప్పట్నించీ మొండితనం ఎక్కువ. ఇంటికాడ అడిగితే ఏటీ సెప్పదు, ఊరుకుంటాది. మీరు నెలన్నర కష్టపడ్డారు. తప్పు కాయండి బాబూ.”

అతను రెండు చేతులూ జోడించాడు. నేను “పర్వాలేదు” అన్నాను.

నా వృత్తి మొత్తంలో నేనన్న మాటల్లో అంతకంటే నీచమైనది మరొకటి లేదు. అప్పటికి సమితి ఫైలు ఇంకా మూయలేదు. తుది సంతకాలకు మరో నాలుగు రోజులుంది. నివేదిక వెనక్కి తీసుకుని మరోటి ఇవ్వడానికి వీలుంది. అప్పలరాజు సైకిల్ గేటు దాటేదాకా నేను అదే ఆలోచిస్తూ నిలబడ్డాను. తర్వాత లోపలికెళ్లి మగపిల్లల స్క్వాట్లు చూశాను.

మర్నాడు సంతోషి వచ్చింది. బెల్టు, బూట్లు లాకర్లోంచి తీసుకుని నా బల్ల ముందు నిలబడింది.

“మా నాన్న మీకాడికొచ్చి మాఫీ అడిగాడంట. మీరేటన్నారు సర్?”

“పర్వాలేదన్నాను.”

“పర్వాలేదా?”

నేను బల్ల మీది హాజరు పుస్తకం తెరిచాను. ఆమె బెల్టు భుజాన వేసుకుంది.

“నాను మా నాన్నకి ఏటీ సెప్పలేదు సర్. మీరే సెప్తారనుకున్నాను,” అని వెళ్లిపోయింది. మళ్లీ ఆ వ్యాయామశాలకి రాలేదు. ఆమె కూడా సమితికి రాయొచ్చు కదా అని ఆ తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కోచ్ నివేదిక ఉన్న చోట అభ్యర్థి మాటకి విలువ ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

జూన్‌లో నా ప్రసంగం బాగా జరిగింది. థర్మామీటరు, టబ్బు చూపించాను. ఐసు వాడకూడదని కూడా గట్టిగా చెప్పాను. అది ఎలా తెలిసిందని ఒక కోచ్ అడిగితే చదివి తెలుసుకున్నానన్నాను. రెండేళ్ల తర్వాత సీనియర్ కోచ్‌నయ్యాను.

విరమణ కాగితాల కోసం పాత ఫైళ్లు తీస్తుంటే ఆ నివేదిక నకలు కనిపించింది. అది చూశాకే పశ్చాత్తాపపడ్డానని చెబితే అబద్ధం అవుతుంది. అంతకు ముందూ గుర్తుండేది. ప్రమోషన్ పోతుందన్న భయం అప్పటికి లేదు, అంతే తేడా. సమితికి జరిగింది రాసి పంపాను. ఫైలు ముగిసిందని, అభ్యర్థిని వయోపరిమితి దాటి ఏళ్లయిందని రెండు వాక్యాల జవాబొచ్చింది. అది న్యాయమైన జవాబే.

సమితికి రాసిన ఆ ఉత్తరం నకలు పట్టుకుని సంతోషిని వెతుక్కుంటూ వెళ్లాను. హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్లో తయారైన భాగాల కొలతలు చూసే పని చేస్తోంది. గేటు దగ్గరికొచ్చి, నేను చెప్పిందంతా విని, ఉత్తరం చదివి తిరిగి ఇచ్చేసింది.

“నాకు తెలిసిందే కద సర్ ఇది. తెలీనిది మా నాన్నకి. ఆయనకి చెప్పండి. నా ఎదురుగా కాదు, మీరొక్కరే వెళ్లండి,” అంది.

అప్పలరాజు అప్పటికి రిటైరై చరోదాలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. నేను ఐసు తెప్పించడం దగ్గర్నుంచి ‘పర్వాలేదు’ దాకా చెప్పాను. అతను అంతా అయ్యాక అడిగాడు.

“అంటే ఆ రోజు నాను ఉత్తినే దణ్ణం ఎట్టేనన్నమాట.”

“అవును.”

“ఇన్నేళ్లూ దాన్ని మొండిదని తిట్టేను మాస్టారూ. దాని పెళ్లిలో కూడా తిట్టేను.” టీ గ్లాసు కింద పెట్టాడు. “మా యార్డులో వ్యాగను పట్టా దిగితే ఏటి సేస్తారో తెల్సా? ముందు స్టేట్‌మెంట్ రాయాల. ఆ పాయింటు కలిపినోడు నాను ఏటి సేసేనంటే, అని మొదలెట్టాల. అవతలోడు ఏటి సేసేడో తరవాత. మీ మాటలు గాలికి పోతాయి. రాసీయండి.”

లోపల్నుంచి కాగితం, పెన్ను తెచ్చాడు. అక్కడే కూర్చుని పది వాక్యాలు రాసిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. రెండోసారి చదివి కాగితం నాకు తిరిగిచ్చాడు.

“మీరు ఐసెట్టేరని రాసేరు. పిల్ల ఒద్దన్నాదని రాయలేదు. అది కూడా రాయండి.”

అతను చెప్పింది నిజం. ఒప్పుకోడానికి వెళ్లి కూడా ఆ మాట వదిలేశాను. కావాలని వదలలేదనే అనుకుంటున్నాను, కానీ ఖాయంగా చెప్పలేను. రాశాను. సంతకం పెట్టాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కూతురు ఆరింటికి డ్యూటీ దిగుతుందని, తను వెళ్లి కలవాలని లేచాడు. నన్ను మళ్లీ రమ్మనలేదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు పనికొచ్చేది ఇది. ఎండాకాలం ఎక్కువ సెట్లు చేయించేటప్పుడు అరచేతులు మితంగా చల్లబరచడం నా అనుభవంలో మేలు చేసింది. అందరికీ చేస్తుందని చెప్పలేను. నీళ్లు పదిహేను డిగ్రీల దగ్గర ఉండాలి, ఐసు వద్దు. చేతులు పూర్తిగా ఆరాకే సుద్దపొడి. ఒకే ఒక్క పెద్ద బరువు ఎత్తబోయే ముందు ఇది అనవసరం, హాని కూడా. సాధనలో చేయనిది పోటీ రోజున చేయించకూడదు. చేతులు ఎవరివో వాళ్లు వద్దన్నప్పుడు ఆగాలి. లిఫ్ట్ పోతే, నివేదికలో మొదటి వాక్యం కోచ్ ఏం చేశాడన్నదే అయి ఉండాలి. నేను రాయవలసిన వాక్యాలు ఇవి: ‘మూడో ప్రయత్నానికి ముందు నేను అభ్యర్థిని చేతులు ఐసు నీళ్లలో పెట్టించాను. ఆమె వద్దంది. పట్టు జారింది అందువల్లే.’ ఆ రోజు ఇది రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు.